మోచేతి అతుకు

చెల్లాయ్,

ఇక్కడ అందరం బాగున్నాం. నిన్న కొట్టు మూసేసి, మీ వదిననీ పాపనీ తీసుకుని నువ్వు పనిచేసిన బొమ్మల సినిమాకు వెళ్లాను. "బొమ్మలు కూడు పెడతాయా?" అని ఒకప్పుడు నీ మీద ఎగిరిపడ్డవాణ్ని కదా, తప్పులు పట్టాలనే కూర్చున్నాను.

దర్జీవాణ్ని, నా కళ్లు బట్ట మీదే ఉంటాయి. తెర మీద ఎలుగుబంటి తాత చెయ్యి మడిస్తే కోటు ఎక్కడ ముడతపడాలో అక్కడే పడింది. వానలో తడిస్తే బరువుగా వేలాడింది. లేని గుడ్డకు అంత ప్రాణం ఎలా పోశారమ్మా మీరంతా! తప్పు దొరక్క కాస్త ఒళ్లు మండింది కూడా.

అంతలో ఎడమ మోచేతి మీద వంకరటింకర కుట్లతో ఒక అతుకు కనిపించింది. దొరికిపోయారనుకున్నాను. మరుక్షణం గుర్తుపట్టాను. నాకు పదేళ్లప్పుడు నాన్న కోటుకు నేను వేసిన మొదటి అతుకు అది!

హాలంతా నవ్వింది. "ఎవరు నాన్నా అంత చెత్తగా కుట్టింది?" అంది పాప. "నేనేనమ్మా" అంటే నమ్మదే!

చివర్లో పేర్లు పడుతుంటే జనం లేచిపోయారు. నీ పేరు వచ్చేదాకా మేం కదల్లేదు.

నాన్న కోటు ఇంకా కొట్లోనే ఉంది. ఆ అతుకు విప్పి సరిగ్గా కుట్టాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను. ఇక దాని జోలికి పోను.

నీ అన్నయ్య