అత్తయ్యగారు కట్టిన వాసెన

లింగంపల్లి,
మే 1998.

వదినగారికి,

పెద్దకర్మ అయి మీరు వెళ్లాక వంటిల్లు సర్దుతుంటే మూలన జాడీ కనబడింది. పోయే ముందురోజు అత్తయ్యగారు పెట్టిన ఆవకాయ. మూడోనాడు తిరగ కలిపి, డాబా మీద చాపలు పరిచి, అరిటాకుల్లో అందరికీ తొలిముద్దలు తానే పెడతానన్నారు. అందరూ వస్తారని కిటికీలకి కొత్త కర్టెన్లు కూడా కుట్టించారు. ఆ మూడోనాడు జాడీ ఎవరికి గుర్తుంటుంది?

పక్కింటి నీలమ్మ, "గట్లనే ఉంచితే బూజు వడ్తది బిడ్డా, జర కలుపు" అంటోంది. మీ తమ్ముడు అటు చూడటమే లేదు. నేను వాసెన విప్పబోయి, ఆ గుడ్డ మీద అత్తయ్యగారి కారం వేళ్ల గుర్తులు చూసి లేచి వచ్చేశాను.

ఒక్కసారి రండి వదినా. ఆ ముడి మీరే విప్పి, ముద్దలూ మీరే పెట్టండి. మీ చేతులు అచ్చం ఆవిడ చేతులే.

మీ మరదలు