కొత్త గాయకుడు పాడిన ఆరో క్యాసెట్టు

అల్లవరం కాపురస్థురాలు గుత్తుల దుర్గాశ్రీ అనే నేను, వయసు ఇరవై ఏడు, చదువు ఏడో తరగతి, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, తెలివీ జ్ఞాపకమూ సరిగా ఉండగా నా చేతితో రాసుకుంటున్న వీలునామా ఇది. సోమవారం కాకినాడలో నాకు గుండె వాల్వు మార్చే ఆపరేషన్. భయం లేదని డాక్టరుగారు అన్నారు. మూడుసార్లు అన్నారు. అందుకే రాస్తున్నాను.

నా భర్త లోవరాజుగారు మస్కట్‌లో డ్రైవరు. ఆయన పేరు నేనెప్పుడూ పైకి పలకలేదు. కాగితం కనుక ధైర్యం చేశాను. ఇందులోని సంగతులన్నీ మా అన్నయ్య గణపతి జరిపించాలి.

ఒకటి. మా అమ్మ పసుపుకుంకుమ కింద ఇచ్చిన పది సెంట్ల కొబ్బరితోట, నా గాజులు మా అమ్మాయి హేమకి సర్వహక్కులతో చెందాలి. హేమ మేజరయ్యే వరకు కొబ్బరికాయల దింపులు అన్నయ్య చూసుకోవాలి.

రెండు. గ్రైండరు నా తోడికోడలు మాధురికి. “ఆయ్, మా దుర్గ ఇంగిలీషు పాట లేందే పప్పు రుబ్బదండి” అని చుట్టాల ముందు నవ్వించింది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. గ్రైండరు మాత్రం మంచిది. మస్కట్ శాలువా మా అత్తగారు వెంకటరమణమ్మగారికి. “ఎవడే ఆ పిల్లోడు, గొంతు చించుకుంటన్నాడు, కాసిని మంచినీళ్ళియ్యి” అనేవారు. అంటూనే గుమ్మంలో కూర్చుని పాట అయ్యేదాకా లేచేవారు కాదు.

మూడు. టేప్‌రికార్డరు, ఏడు క్యాసెట్లు. వీటిని విడదీయకూడదు. మస్కట్ కంపెనీలో ఒక ముసలి ఇంగ్లీషాయన సొంతదేశం వెళ్ళిపోతూ మా ఆయనకి ఇచ్చారు. గ్రే హెరాన్ అనే ఇంగ్లండు బ్యాండువాళ్ళ పాటలు. అట్టల మీద బూడిదరంగు కొంగ ఉంటుంది. హెవీ మెటల్ అంటారట. రెండు గిటార్లు ఉరుముతూనే రాగం తీస్తాయి, ఒకదాని పక్కన ఒకటి వెళ్ళే పడవల్లా. మా ఆయన ఊళ్ళో తాషా వాయించిన మనిషి, ఆయనకి డ్రమ్ములే వినిపించేవి. ఆయన వెళ్ళాక నేను గొంతు విన్నాను.

మధ్యాహ్నం పనయ్యాక పెట్టుకునేదాన్ని. రొయ్యల చెరువుల మీద వాన, నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు, అన్నీ పాటలో కలిసిపోయేవి. మాటలు నాకు తెలియవు. గోడ కరిగిపోయి, మా కాలవగట్టు మీద పొగమంచులో ఒక వ్యాను వెళ్తున్నట్టుండేది. లోపల పొడుగు జుట్టు కుర్రాళ్ళు ఐదుగురు ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతూ. మొదటి అట్ట లోపలి ఫోటోలో అందరూ నవ్వుతారు. మూడో క్యాసెట్టుకి జనం సముద్రంలా హోరెత్తుతారు. నాలుగోదాంట్లో గాయకుడి ఊపిరి పాట మధ్యలో ఆగుతుంది, మెట్లెక్కితే నాకు ఆగినట్టే. ఐదోదాని అట్ట ఫోటో తీసి పంపితే మా ఆయన చదివి, నాలుగోది పాడాక ఆ గాయకుడు పోయాడని చెప్పారు.

ఐదోదాంట్లో గొంతే లేదు, వట్టి వాయిద్యాలు. మనిషి పోయినందుకు మనలాగే ఏటిసూతకం పట్టారని, ఏడాదిపాటు పాట మానేశారని అనుకున్నాను. మా ఆయన ఫోనులో పడీ పడీ నవ్వారు. “తెల్లోళ్ళకి ఏటిసూతకమేంటే! పాడేవోడు దొరక్క ఆగేరు, అంతే” అన్నారు. నేనింకా నా మాట మీదే ఉన్నాను.

ఆరోదాంట్లో కొత్త గాయకుడు. ఆయన గొంతు రాగానే ఆపేసేదాన్ని. ఒకరోజు చేతులకి పిండి ఉండి ఆపలేకపోయాను. చివర్లో పాతాయన పాట వచ్చింది. కొత్తాయన దాన్ని పాతాయనలా పాడలేదు. తన గొంతుతో, కాస్త కిందగా పాడాడు. గిటార్లు పక్కకి జరిగి చోటిచ్చాయి. పిండి ఎండిపోయేదాకా అలాగే నిలబడ్డాను. ఏడోదాని అట్ట లోపలి ఫోటోలో అందరూ ముసలివాళ్ళు. చిన్న హాలు. జనమే పాడుతుంటే వాళ్ళు వాయిస్తూ వింటారు. టేప్‌రికార్డరు, క్యాసెట్లన్నీ మా ఆయనకి.

నాలుగు. ఏమండీ, మీరు ఆదివారం దిగుతున్నారు. ఎదురుగా ఈ మాట అనలేను. నేను తిరిగి రాకపోతే ఏడాది ఆగండి. తర్వాత పెళ్ళి చేసుకోండి. హేమకి ఆరేళ్ళు. దాన్ని ఆ ఇంట్లో కొన్నాళ్ళు, ఈ ఇంట్లో కొన్నాళ్ళు పెంచకండి. మీ దగ్గరే, ఒకే ఇంట్లో పెరగాలి. ఇది రాస్తుంటే ఉక్రోషంగానే ఉంది. అయినా కొట్టివేయడం లేదు.

ఐదు. వచ్చే ఆవిడకి. పేరు తెలియదు కనుక ఖాళీ వదిలాను: ____________. వంటిల్లు, నా చీరల్లో నచ్చినవి, హేమకి జడ వేసే హక్కు మీకే చెందుతాయి. నాలా పులుసు పెట్టమని, నాలా మెల్లగా మాట్లాడమని ఎవరైనా అంటే ఈ కాగితం చూపించండమ్మా. నాలా ఉండక్కర్లేదని నేనే రాసి సంతకం పెట్టాను.

అల్లవరం, 2024 నవంబరు 9, కార్తీక శనివారం.

(సంతకం) గుత్తుల దుర్గాశ్రీ

మా ఎదుట చేసిన సంతకమని ఎరిగిన సాక్షులు:
1. సత్యదుర్గారావు, పక్కింటి రైతు
2. తులసి, అంగన్‌వాడీ టీచరు