సంఘం గది తాళంచెవి

మల్లేశా,

ఈ శుక్రవారం డ్యూటీ లేదు. క్యాంపులో బట్టలు ఉతుక్కుంటుంటే ఊరి నుంచి నీ కొడుకు ఫోన్ చేశాడు.

“కాకా, యువజన సంఘం తాళం పలగొట్టినం. క్యారం బోర్డుకు చెదలు పట్టినయ్ గని, వాలీబాల్ నెట్టు మంచిగనే ఉంది. కొత్త తాళం కొన్నం.”

మనం ఇసుక మోసి కట్టుకున్న గది. ఆడే పోరగాళ్ళంతా గల్ఫ్‌కు పోయాక, చివరికి మనిద్దరమూ ఖతార్ బయల్దేరుతూ తాళం వేశాం. తాళంచెవి నా చేతిలో పెట్టి, “ఎవడు ముందొస్తే వాడు తియ్యాలె” అన్నావు.

ముందు వెళ్ళింది నువ్వే, పెట్టెలో పడుకుని. తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది.

నీ మంచం మీదికి కొత్తగా వచ్చిన నేపాలీ, మేకుకు వేలాడుతున్న ఆ తాళంచెవి దేనిదని ఇందాక అడిగాడు.

మా ఇంటిదని చెప్పాను.