ఎదుటివాళ్ల పంటి నొప్పి

యూనివర్సిటీ హాస్టలు, హైదరాబాదు

ప్రియమైన క్యాథరిన్ అత్తయ్యకు,

మేనకోడలు హెప్సిబా వందనాలు. ఫోను చేస్తే మీరు స్పీకరు పెడతారు, వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం. నాన్న ఈ ఏడాదితో ఎం.ఏ. మానేసి ఏలూరులో బీఈడీలో చేరమంటున్నారు. అక్కగా మీరు చెబితే వింటారు.

నాకు ఈ అనలిటిక్ ఫిలాసఫీ అంటే ప్రాణం అత్తయ్యా. ఇక్కడ ఏ మాటన్నా ‘అది నీకెలా తెలుసు?’ అని అడుగుతారు, కారణం చెప్పందే ఒప్పుకోరు. నెలరోజులుగా ఒకటే ప్రశ్న. పక్కవాళ్లు పంటి నొప్పి అంటే, అది నా నొప్పిలాంటిదేనని నాకెలా తెలుసు? ఆ అనుమానంతో నిద్ర కూడా పట్టడం లేదు.

మీ హెప్సిబా

తా.క. మా ప్రొఫెసరుగారు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ పంటి నొప్పితోనే ఉన్నారు. ఇంకా తేలలేదు.

——

తాడేపల్లిగూడెం

బంగారు తల్లి హెప్సిబాకు,

అత్తయ్య దీవెనలు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి బయల్దేరుతుంటే నీ ఉత్తరం అందింది. గబగబా చదివి, అక్కడే ప్రార్థన మనవిగా పెట్టేశాను. యూనివర్సిటీలో పంటి నొప్పి పాకుతోందని, నీకు నిద్ర లేదని, అనుమానాలు కూడా వస్తున్నాయని చెబితే స్త్రీల సమాజం మొత్తం మోకాళ్లూనింది. మరియమ్మగారు ఏడ్చేశారు. లవంగాలు పార్సిల్ చేశాను.

మన సంఘంలో ఫిలాసఫీ చదివే పిల్లవి నువ్వొక్కదానివే, నాకెంత గర్వమో. కానీ సంగతి కొల్లేటికోటలో చేపల చెరువు మీదున్న మీ నాన్న దాకా వెళ్లిపోయింది. వచ్చేవారం వచ్చి నిన్ను తీసుకొచ్చేస్తాడట.

మీ అత్తయ్య

తా.క. ఇన్నేళ్లుగా తగ్గలేదంటే ఆ పన్ను పీకించుకోవడమే మంచిదని మీ ప్రొఫెసరుగారితో చెప్పు. ఆయన్నీ మనవుల్లో చేర్చాం. పేరు తెలియక ‘పంటి నొప్పి మాస్టారు’ అన్నాం.

——

హైదరాబాదు

అత్తయ్యకు వందనాలు.

నా పళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయండీ. దేవుడి మీద అనుమానమూ లేదు. అది జబ్బు కాదు, ప్రశ్న. మరియమ్మగారు, రాజకుమారిగారు ప్రతి శుక్రవారం ఎవరి మోకాలి నొప్పి ఎక్కువో అని పోటీ పడతారు కదా. ఒకరి నొప్పి ఒకరు చూడలేనప్పుడు, తనదే ఎక్కువని ఎలా తెలుస్తుంది? మేం చదివేది అదే. ఇది మాత్రం ప్రార్థన కూడికలో చెప్పకండి.

నాన్నని ఎలాగైనా ఆపండి. ఆయన వచ్చి సామాను సర్దుకోమంటే నేను ఎదురు చెప్పలేను, మీకు తెలుసు. ఈ చదువు పోతే తట్టుకోలేను.

మీ హెప్సిబా

తా.క. మనవి సంగతి మాస్టారికి చెప్పాను. తన ప్రశ్న కోసం ఇంతవరకు ఎవరూ ఉపవాసం ఉండలేదని చాలా సంతోషించారు.

——

తాడేపల్లిగూడెం

ప్రియమైన హెప్సిబాకు అత్తయ్య ముద్దులు.

చెప్పొద్దన్నావు, శుక్రవారం కూడికలో చెప్పేశాను. “నా నొప్పి నాకు తెలీదా అండీ?” అని మరియమ్మగారు అంటే, “మీది మీకు తెలుసండీ, నాది చిన్నదని మీకెలా తెలుసు?” అని రాజకుమారిగారు అన్నారు. ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. నీ చదువు గొప్పదే తల్లీ. పాస్టరుగారు ఏళ్ల తరబడి ఆపలేని పోటీ ఆగింది.

సరిగ్గా అప్పుడే మీ నాన్న గుమ్మంలోకి వచ్చాడు, హైదరాబాదు బండెక్కేముందు నాతో చెప్పి వెళదామని. “దానికి అక్కడ ఇష్టం లేదక్కా, మొహమాటానికి ఉంటోంది. నా కూతురి మనసు నాకు తెలీదా?” అన్నాడు. నేను నోరు తెరిచేలోగా ఆడవాళ్లంతా ఒక్కసారిగా అడిగారు, “ఎలా తెలుసండీ?”

పాపం, మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. “ఎప్పుడూ అడగలేదండీ” అన్నాడు.

ప్రయాణం మాత్రం మానుకోలేదు. ఈ ఉత్తరం మీ నాన్న చేతికే ఇచ్చి పంపుతున్నాను. నిన్ను తీసుకురావడానికి కాదు తల్లీ, అడగడానికి వస్తున్నాడు.

మీ అత్తయ్య

తా.క. మీ నాన్న నోరు విప్పకముందే ఇది చదువు. అడిగినప్పుడు అలవాటుగా ‘మీ ఇష్టం నాన్నా’ అనేవు. ఇక్కడ మనమంతా మర్యాదకి అదే అంటాం, అందుకే మన ఇళ్లలో ఎవరి మనసూ ఎవరికీ తెలియదు. మీ మాస్టారిది కూడా మన జిల్లాయేనేమో, ఓసారి కనుక్కో.