ఆ మూడు ఓములు

మద్దిలేటన్నా,

కాలిన మోటార్లకు తీగ చుట్టి బతికిన నిన్ను దొంగను చేసింది మన ఊరే. మోటారు కాలిన ప్రతిసారీ "మద్దిలేటి నాసిరకం తీగ చుట్టినాడు" అన్నారు. నువ్వు పోయి నేటికి ఏడాది. ఇప్పుడు పత్తికొండలో చుట్టించిన మోటార్లు కూడా కాలుతాండాయి.

పొద్దున నీ మీటరుతో మన చేన్ల లైను కొలిచినా. ట్రాన్స్‌ఫార్మర్ కాడ 230 వోల్టులు, చివర మన బోరు కాడ 170. మధ్యలో అరవై లైను తీగే తినేసింది. తీగలో పోయేది ఇరవై ఆంపియర్లు. నువ్వు నేర్పినట్టే అరవైని ఇరవైతో భాగిస్తే తీగ నిరోధం మూడు ఓములు. ఆ రెంటినే గుణిస్తే పన్నెండొందల వాట్లు, చుక్క నీళ్లు తోడకుండా తీగను వేడిచేసి పోతాండాయి. పక్క మోటార్లు రెండు ఆపించినా. కరెంటు పది ఆంపియర్లకు దిగింది, మన బోరు కాడ వోల్టేజి రెండొందలకు ఎక్కింది. అందరూ ఆటోస్టార్టర్లు పెట్టి ఇంట్లో కూర్చుంటే, కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. వోల్టేజి పడిపోయి, మోటార్లు ఎక్కువ కరెంటు లాగి, లోపలి వైండింగులు మాడతాయి. నీ తప్పు యాడుందన్నా?

ఇదే రచ్చకట్ట కాడ చెప్తే ఈరన్న మామ నవ్వినాడు. "ఏమప్పా, సచ్చినోడికి వకాల్తానా? నువ్వు పంచే కరపత్రాలు చదివితే కరెంటు తెలుస్తాదా?"

నేను అరిచినా. అందరూ లేచిపోయినారు. భుజం పట్టి కూర్చోబెట్టేదానికి నువ్వు లేవు.

ఈసారి అరవకుండా, బొగ్గుతో పాలకేంద్రం గోడ మీద రాసొచ్చినా:

"రేపు పొద్దున ఆరు గంటలకి, కరెంటు రాకముందే, ఆటోస్టార్టర్లు తీసేసి ట్రాన్స్‌ఫార్మర్ కాడికి రాండి. మోటార్లకు వంతులేసుకుందాం. మద్దిలేటి తప్పు చేయలేదని మీటరులో మీ కండ్లతోనే చూడండి."