ఓడిపోయే పందేనికే సంతకం

నాన్నా, మడమ నొప్పి పూర్తిగా తగ్గింది, బెంగపెట్టుకోకు.

ఏడాదికి రెండు మారథాన్లకు మించి నా ఒళ్ళు ఓర్చుకోదు కదా. ఒకటి అయిపోయింది, రెండోది ఏదో తేల్చమని కోచ్ నిన్న నిలదీశాడు. "కొండదారి పందెంలో నువ్వే గెలుస్తావు. సముద్రం పక్క చదును దారిలో పదో స్థానం కూడా కష్టమే, కానీ దేశం జట్టులో చోటుకి కావలసిన టైము అక్కడే వస్తుంది" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకెప్పుడు? ఓడిపోయేదానికే సంతకం పెట్టాను.

కప్పు కోసం అమ్మ అలమరలో చోటు చేసిందట, నువ్వే మెల్లగా చెప్పు. చెల్లి జ్వరం తగ్గిందా?

పందెం రోజు నువ్వు రావాలి. ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర నా కాళ్ళు మొండికేస్తాయి. అక్కడ నిలబడి, చిన్నప్పటిలా "పరిగెత్తవే మొద్దూ!" అని ఒక్క కేకెయ్యి. మిగతా ఏడు కిలోమీటర్లూ నేను చూసుకుంటాను.

అందరికీ ముద్దులతో,
నీ పెద్దది