అమ్మ రక్తం వెలిగిన రోజు

శుక్రవారం, కోవిల్‌పట్టి

కొలెస్ట్రాల్ ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా వెలిగే రసాయనం, విరుదునగర్ ల్యాబులో ఇన్నాళ్లూ నన్ను ఏడిపించిన ఆ ఫ్లోరసెంట్ సెన్సార్, ఈరోజు పనిచేసింది. రక్తం ఇచ్చింది అమ్మే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ వచ్చింది. ఆమె రక్తంలోంచి తీసిన సీరం అందులో కలిపి యూవీ దీపం కింద పెట్టగానే ట్యూబంతా నీలంగా వెలిగిపోయింది. నేను ఎగిరి గంతేశాను.

"నా నెత్తురు బాగుండాదా పాపా?" అంది అమ్మ.

"సూపర్‌గా ఉందమ్మా!" అన్నాను. ఆ క్షణంలో నాకు సెన్సారే కనబడింది, అమ్మ కాదు.

తిరుగు బస్సులో అమ్మ నవ్వుతూ, "అట్లయితే ఆ కొలెస్ట్రాల్ మాత్తరలు ఇంక మింగేది వద్దు గదా?" అని అడిగింది. నేనేమన్నానో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఇంటికొచ్చాక, అన్నాల దగ్గర చెప్పాను: అంత వెలుగు మంచిది కాదని, మాత్రలు మానొద్దని, డాక్టరు దగ్గరికి వెళ్దామని.

అమ్మ కోప్పడలేదు. నన్నే చూసి, "మరి నువ్వేల పాపా అంత సంతోసపడితివి?" అంది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. అమ్మే నా కంచంలో ఇంకాస్త పులుసు పోసింది. తినలేకపోయాను. ఆ సంతోషం నా సెన్సార్ కోసమేనని రేపు అమ్మకి చెప్పాలి.